చింటూ నిద్రపోతున్నాడని చెబుతున్నాను

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేటలో అపార్ట్‌మెంట్. నాకు 57 ఏళ్ళు. మావారు బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఒక్కడే అబ్బాయి, డల్లాస్‌లో ఉద్యోగం. వాడు ఇంటర్ చదివే రోజుల్లో మాతో పోట్లాడి మరీ ఓ పామెరేనియన్ పిల్లను తెచ్చి చింటూ అని పేరు పెట్టాడు. వాడు ఎమ్మెస్‌కి వెళ్ళిపోయాక చింటూ నాకు రెండో కొడుకయ్యాడు. 13 ఏళ్ళు మాతో ఉన్నాడు. ఈమధ్య కిడ్నీలు పాడయ్యాయి. నెలన్నర సెలైన్లు పెట్టించాం. చివరికి తిండి మానేశాడు, నోట్లో పుళ్ళు పడ్డాయి, క్రియాటినిన్ 9 దాటింది. ఇక బాధపెట్టకుండా ఇంజెక్షన్ ఇచ్చేయడం మంచిదని డాక్టరుగారు అన్నారు. మావారిని అడిగితే ‘నీ ఇష్టం’ అన్నారు. కాగితం మీద సంతకం నేనే పెట్టాను. తల నా ఒళ్ళోనే ఉంది. ఇంజెక్షన్ అయ్యాక కూడా వాడు కళ్ళు మూయలేదు, నావైపే చూస్తున్నాడు. ఒకసారి నోరు తెరిచి గట్టిగా గాలి పీల్చాడు. అది చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. నేనే చంపానా?

ఐదు వారాలైంది. తెల్లవారుజామున హాల్లో వాడి గోళ్ళ చప్పుడు వినిపిస్తోంది. బాత్రూంలో ట్యాప్ తిప్పుకుని ఏడుస్తున్నాను. మా వదినగారు, అంటే ఆయన అక్కగారు, ‘మా అమ్మ పోయినప్పుడు కూడా ఇంత ఏడవలేదే’ అన్నారు. అపార్ట్‌మెంట్‌లో అడిగినవాళ్ళకి చేబ్రోలులో మా తమ్ముడి పొలానికి పంపామని చెప్పాను. నిజానికి పూడ్చింది అక్కడే. వాచ్‌మన్ కూతురికి ఏడేళ్ళు, చింటూ ఎప్పుడొస్తాడని రోజూ అడుగుతుంది. అన్నిటికంటే పెద్ద విషయం, మా అబ్బాయికి ఇంతవరకూ చెప్పలేదు. వీడియో కాల్‌లో చూపించమంటే నిద్రపోతున్నాడంటున్నాను. మావారు ‘పోయినదాని గురించి ఎందుకు’ అంటారంతే. ఇదివరకు రోజూ పొద్దున్నే చింటూని స్కూటర్ మీద ముందు నిలబెట్టుకుని పాలకి వెళ్ళేవారు, ఇప్పుడు స్కూటర్ తీయరు, పాలు ఇంటికే తెప్పిస్తున్నారు. బద్ధకం పెరిగింది. మొన్న ‘ఇక అమెరికా వెళ్ళి రావచ్చు’ అని ఒక ఆలోచన వచ్చింది, నా మీద నాకే అసహ్యమేసింది. తమ్ముడు లాబ్రడార్ పిల్లను తెస్తానంటున్నాడు. దేవుడి గదిలో చింటూ ఫొటో పెట్టి దీపం పెట్టొచ్చా? షుగర్ టాబ్లెట్లు కూడా సరిగ్గా వేసుకోవడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ కళ్ళ సంగతి మాట్లాడుకుందాం. మిమ్మల్ని నిద్రపోనివ్వనిది అదే కాబట్టి మిగతావన్నీ తర్వాత.

చింటూకి ఇచ్చింది మత్తుమందే, కాకపోతే చాలా పెద్ద మోతాదులో. అది రక్తంలోకి ఎక్కిన కొన్ని సెకన్లలోనే స్పృహ పోతుంది. ఆపరేషన్ బల్ల మీద మనిషికి మత్తిచ్చినప్పుడు ఎలా తెలియకుండా పోతుందో అలాగే. స్పృహ పోయాక శ్వాస ఆగుతుంది, ఆ తర్వాత గుండె ఆగుతుంది. వరస అది. కళ్ళు మూసుకోవాలంటే రెప్పల కండరాలు పనిచేయాలి. ప్రాణం పోయాక ఆ కండరాలు వదులైపోతాయి, అందుకే కళ్ళు తెరుచుకునే ఉండిపోతాయి. మన ఇళ్ళల్లో మనిషి పోయినప్పుడు పక్కనున్న పెద్దవాళ్ళు చేత్తో రెప్పలు మూస్తారు, మీరూ చూసే ఉంటారు. ఎందుకు మూస్తారు? వాటంతట అవి మూసుకోవు కనుక. కుక్కలకైతే చేత్తో మూసినా సరిగ్గా నిలవవు.

గాలి పీల్చడం కూడా అంతే. స్పృహ పోయిన తర్వాత, ఒక్కోసారి గుండె ఆగిన తర్వాత కూడా, శరీరం తనంతట తాను అలా ఒకటి రెండుసార్లు ఎగశ్వాస తీస్తుంది. పక్కన చూసేవాళ్ళకి గుండె ఆగినంత పనవుతుంది. లోపల నొప్పి తెలిసే మనసు మాత్రం అప్పటికే లేదు. కొందరు డాక్టర్లు ఇది ముందే చెప్పి, ‘ఇలా జరగొచ్చు, కంగారు పడకండి’ అంటారు. మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. చెప్పి ఉంటే ఈ ఐదు వారాల్లో సగం నరకం తప్పేది. చింటూ మిమ్మల్ని నిజంగా చూసింది సూది పడకముందు. అప్పుడు వాడి తల మీ ఒళ్ళో ఉంది, మీ చెయ్యి వాడి మీద ఉంది. ఆ తర్వాత మీరు చూసినదాంట్లో వాడు లేడమ్మా.

ఇక ‘నేనే చంపానా’ అన్న ప్రశ్న. కుక్కల్లో కిడ్నీ జబ్బు తెలివైన శత్రువు, కనిపించకుండా పనిచేస్తుంది. కిడ్నీల సామర్థ్యం దాదాపు ముప్పావు వంతు పోయేదాకా రక్తపరీక్షలో క్రియాటినిన్ పెద్దగా పెరగదు. అందుకే నీళ్ళు ఎక్కువ తాగుతున్నాడనో, వాంతులవుతున్నాయనో మీరు గమనించే సమయానికి ముప్పావు వంతు పని అయిపోయే ఉంటుంది. ముందే కనిపెట్టలేకపోయానని మీరు రాయకపోయినా, ఆ ఆలోచన మీ చుట్టూ తిరుగుతూనే ఉంటుందని నాకు తెలుసు. కుక్కల కిడ్నీ జబ్బుని పశువైద్యులు నాలుగు దశలుగా చూస్తారు. క్రియాటినిన్ 5 దాటితే నాలుగోది, చివరిది. మీ చింటూది 9 దాటింది. గన్నవరం వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్ళినా, హైదరాబాద్ తీసుకెళ్ళినా పాడైన కిడ్నీ తిరిగి రాదు. సెలైన్‌తో ఇంకొన్ని రోజులు లాగేవారు. నోట్లో పుళ్ళతో, గుటక పడని స్థితిలో, ఆ కొన్ని రోజులు ఎవరికోసం? వాడికోసమైతే కాదు.

వాడిని తీసుకెళ్ళింది జబ్బు. మీరు నిర్ణయించింది చివరి నాలుగు రోజుల బాధ ఉండాలా వద్దా అన్నది మాత్రమే. మీవారు ‘నీ ఇష్టం’ అన్న మాట నాకు నచ్చలేదు, చెప్పేస్తున్నాను. మీకు గౌరవమిచ్చి అన్నారో, ఆ భారం మోయలేక తప్పుకున్నారో ఆయనకే తెలియాలి. కానీ దానివల్ల సంతకం ఇద్దరిదీ కాకుండా మీ ఒక్కరిదే అయిపోయింది. ఈ మాట ఆయనతో అనండి. దెబ్బలాటకి కాదు. ‘ఆ రోజు మీరు కూడా ఒక మాట అని ఉంటే నాకు ఇంత బరువు ఉండేది కాదు’ అనండి, చాలు.

వదినగారి మాట. అత్తగారు పోయినప్పుడు మీ ఇంటి నిండా జనం ఉండి ఉంటారు. దినకర్మలంటూ ప్రతి రోజుకీ ఒక పని. వంటవాళ్ళకి పప్పు కొలిచివ్వడం దగ్గర్నుంచి వచ్చినవాళ్ళ దుప్పట్ల లెక్క దాకా కోడలిగా అన్నీ మీ నెత్తినే పడి ఉంటాయి. ఏడవడానికి తీరికెక్కడిది? ఏడ్చినా పక్కన పదిమంది ఏడ్చారు, పట్టుకున్నారు, కాఫీ కలిపిచ్చారు. చింటూ పోయిన మర్నాడు ఎవరొచ్చారు? మైల లేదు, పలకరింపు లేదు, పెద్దకర్మ లేదు. మీరు ఎప్పట్లాగే లేచి ఇడ్లీ వేసి ఉంటారు. సమాజం లెక్కలోకి తీసుకోని ఇలాంటి దుఃఖాల గురించి కెన్నెత్ డోకా అనే అమెరికన్ ఆచార్యుడు 1989 నుంచీ రాస్తున్నాడు. పైకి చూపడానికి హక్కు లేని దుఃఖం మామూలు దానికంటే ఎక్కువ కాలం నలుపుతుందని ఆయన చెప్పే మాట. అత్తగారి కంటే కుక్క ఎక్కువని మీ కన్నీళ్ళకి అర్థం కాదు. రోజుకి ఇరవై గంటలు మీ కాళ్ళకి అడ్డంపడుతూ తిరిగిన ప్రాణి అది. వదినగారు మళ్ళీ అంటే ‘అత్తయ్యగారి మీద ప్రేమ లేక కాదు వదినా, ఇది వేరే బాధ’ అని ఒక్కసారి చెప్పండి. ఇంకోసారి అంటే టీ పెట్టే వంకతో వంటింట్లోకి వెళ్ళిపోండి. ప్రతి మాటకీ జవాబు చెప్పాలని ఏమీ లేదు.

నేను ఎక్కువగా మాట్లాడాలనుకున్నది మీ అబ్బాయి గురించి.

మీ ఉత్తరంలో దాపరికాలు లెక్కపెట్టండి. మీవారికి కనపడకుండా బాత్రూంలో ఏడుపు. అపార్ట్‌మెంట్ వాళ్ళకి పొలం కథ. వాచ్‌మన్ కూతురికీ అదే. అబ్బాయికి నిద్ర కథ. చింటూ పోయిన బాధ ఒక ఎత్తు, వాడు ఇంకా ఉన్నాడని రోజంతా నటించడం ఇంకో ఎత్తు. ఫోన్ మోగినప్పుడల్లా మీకు గుండెదడ ఎందుకు రాదు?

మన గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఇదో ఆచారంలా తయారైంది. అమెరికాలో ఉన్న పిల్లలకి చెడ్డ కబురు చెప్పకూడదు. నాన్నకి స్టెంట్ వేసినా డిశ్చార్జి అయ్యాకే చెబుతారు. అమ్మమ్మ మంచాన పడ్డా ‘కొంచెం నలతగా ఉంది’ అంటారు. వాళ్ళకి టెన్షన్ ఎందుకని మన ఉద్దేశం. విజయవాడలో నా దగ్గరికి అవతలి పక్షం వాళ్ళు కూడా వస్తుంటారు, సెలవు మీద వచ్చిన పిల్లలు. వాళ్ళు చెప్పేది వేరు. ఇంట్లో అంతా బాగుందని అమ్మ చెప్పిన ప్రతిసారీ ఈసారి ఏం దాస్తోందో అని భయం వేస్తుందట. మనం వాళ్ళకి తప్పించామనుకున్న టెన్షన్ అంతా వాళ్ళకి చేరుతూనే ఉంది, కాకపోతే ఊరూ పేరూ లేకుండా.

పైగా చింటూ వాడి కుక్క. మీతో పోట్లాడి తెచ్చుకున్నది వాడు, పేరు పెట్టింది వాడు. మీ బాధ ఏమిటో మీరు చెప్పకుండానే అర్థమయ్యే మనిషి డల్లాస్‌లో ఉన్నాడు. ఆ ఒక్కడి దగ్గరే దాచారు.

ఈ శనివారం చెప్పండి. ఆఫీసులో ఉండగానో, కారు నడుపుతుండగానో వద్దు. మన శనివారం రాత్రి తొమ్మిదికి అక్కడ శనివారం ఉదయం పదిన్నర, చలికాలమైతే తొమ్మిదిన్నర. సెలవురోజు, పగలంతా వాడి చేతిలో ఉంటుంది. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టకండి, మీవారితో చెప్పించకండి. పెళ్ళయి ఉంటే కోడలు కూడా పక్కన ఉంటే మంచిది. చుట్టూ తిప్పి చెప్పొద్దు. ‘నాన్నా, ఒక చెడ్డ వార్త చెప్పాలిరా. చింటూ పోయాడు. ఐదు వారాలైంది. నీకు చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు’ అని ఆపేయండి. ఆపేయడం ముఖ్యం. వాడు ఏడిస్తే ఏడవనివ్వండి, ‘ఊరుకోరా, ముసలిదైపోయింది కదా’ అనకండి. కోప్పడతాడు, తప్పకుండా కోప్పడతాడు. ‘ఇన్ని రోజులు నాకు అబద్ధం చెప్పావా’ అంటాడు. ‘అవును, చెప్పాను’ అనండి. నీ మంచికోసమే అని మాత్రం మొదలుపెట్టకండి, అక్కడ మాట పెరుగుతుంది. చివరి రోజులెలా గడిచాయని అడిగితే చెప్పండి. ఇంజెక్షన్ గురించి అడిగితే అదీ చెప్పండి, నేను పైన రాసిన వివరంతో సహా. వాడు ఫోన్ పెట్టేసి రెండు రోజులు మాట్లాడకపోయినా కంగారుపడొద్దు. మూడో రోజు వాడే చేస్తాడు. చేసినప్పుడు, ఇంటర్ రోజుల్లో మీకు తెలియకుండా చింటూకి ఏమేం పెట్టేవాడో అడగండి. ఇన్నేళ్ళలో మీ చెవిన పడని కథలు వాడి దగ్గర చాలా ఉంటాయి.

వాచ్‌మన్ కూతురికి మాత్రం శనివారం దాకా ఆగక్కర్లేదు. వాళ్ళమ్మకి ఒక మాట చెప్పి, ఆ పిల్లని కూర్చోబెట్టుకుని ‘చింటూకి జబ్బు చేసింది, చచ్చిపోయాడు, ఇక రాడు’ అని చెప్పండి. దేవుడి దగ్గరికెళ్ళాడు, పడుకున్నాడు అంటే ఏడేళ్ళ పిల్లకి అర్థం కాదు. ఎప్పుడు లేస్తాడని మళ్ళీ రేపు అడుగుతుంది. పొలం కథ నమ్మిన పిల్ల ఇంకా ఎదురుచూస్తూనే ఉంది చూడండి.

ఇక మీవారు. బద్ధకం పెరిగిందని రాశారు. నేను ఆ వాక్యం రెండుసార్లు చదివాను. పదేళ్ళకు పైగా స్కూటర్ ముందు చింటూని నిలబెట్టుకుని తిరిగిన మనిషి, చింటూ పోగానే స్కూటర్ తీయడం మానేశారు. దాన్ని నేను బద్ధకం అనుకోవడం లేదు. ఆ ఖాళీ జాగా చూస్తూ స్కూటర్ నడపలేకపోతున్నారేమో. మన మగవాళ్ళలో ఆ తరానికి ఏడవడం ఎవరూ నేర్పలేదు, ‘పోయినదాని గురించి ఎందుకు’ అనడం మాత్రం బాగా వచ్చు. ఆయన్ని కూర్చోబెట్టి మనసులో మాట చెప్పమంటే చెప్పరు. దానికి బదులు, సాయంత్రం చింటూని తిప్పే వేళకి ఇద్దరూ కలిసి నడకకు వెళ్ళండి. కొన్నాళ్ళు పాత దారిలో కాకుండా బృందావన్ గార్డెన్స్ వైపు, ఎన్టీఆర్ స్టేడియం దాకా. పక్కపక్కన నడిచేటప్పుడు ఒకరి ముఖం ఒకరు చూడనక్కర్లేదు కదా, ఆయన నోట్లోంచి మాట రావడానికి అది కొంచెం తేలిక.

గోళ్ళ చప్పుడు వినిపిస్తే పిచ్చి కాదు. భర్త పోయినవాళ్ళకి గేటు తీసిన చప్పుడు, తల్లి పోయినవాళ్ళకి వంటింట్లో గాజుల చప్పుడు వినిపించడం మామూలే. 13 ఏళ్ళు ఒకే వేళకి విన్న చప్పుడుకి మెదడు ఇంకా ఎదురుచూస్తోంది. క్రమంగా తగ్గుతుంది. ఐదు వారాలైనా తగ్గలేదేమిటని ఎవరైనా అంటే పట్టించుకోకండి. దుఃఖానికి ఐదు దశలని ఫార్వర్డులు తిరుగుతుంటాయి. 1969లో ఎలిజబెత్ కూబ్లర్ రాస్ ఆ దశలు చెప్పింది చావుకి దగ్గరపడిన రోగుల గురించి, మీలా మిగిలిపోయిన వాళ్ళ గురించి కాదు. పైగా ఎవరికీ ఒక వరసలో రావు.

అమెరికా ఆలోచన. నెలన్నర పాటు రాత్రుళ్ళు లేచి, గచ్చు తుడిచి, సెలైన్ పట్టుకుని కూర్చున్న మనిషికి అవన్నీ ఆగిపోగానే ‘హమ్మయ్య’ అనిపిస్తుంది. మంచాన పడ్డ తల్లిదండ్రులకి సేవ చేసిన వాళ్ళందరికీ అనిపిస్తుంది, పైకి అనరంతే. ఊపిరి తిరిగినంత మాత్రాన ప్రేమ తక్కువైనట్టు కాదు. చింటూని వదిలి ఆర్నెల్లు ఉండలేక మీరు ఇన్నేళ్ళు అమెరికా ప్రయాణం వాయిదా వేసుకుని ఉంటారు. వెళ్ళండి. అబ్బాయికి విషయం చెప్పాక టికెట్ల మాట ఎత్తండి, ముందు కాదు.

దీపం పెట్టుకోండి. దత్తాత్రేయుడి పటంలో స్వామి కాళ్ళ దగ్గర నాలుగు కుక్కలుంటాయి, కాలభైరవుడి వాహనమే కుక్క. ఇంట్లో ఎవరైనా అభ్యంతరపెడితే ఫొటో హాల్లో పెట్టుకోండి, దీపానికి గది పట్టింపు లేదు. వీలు చూసుకుని మీరూ మీవారూ చేబ్రోలు వెళ్ళి పూడ్చినచోట ఒక మొక్క నాటి రండి. మిగిలిపోయిన మందులు, కిడ్నీ జబ్బుకి తెచ్చిన ప్రత్యేకం తిండి ఉంటే గడువు చూసి డాక్టరుగారికి ఇచ్చేయండి, ఇంకో కుక్కకి పనికొస్తాయి. పక్క, బెల్టు, గిన్నె తీయడానికి మాత్రం తొందర లేదు. వదినగారు సర్దేస్తానన్నా వద్దనండి.

షుగర్ టాబ్లెట్ల దగ్గర మాత్రం నేను గట్టిగానే చెబుతాను. దిగులుకీ నిద్ర లేకపోవడానికీ షుగర్ ఎలాగూ పెరుగుతుంది. పైన టాబ్లెట్ మానేశారు, చింటూతో నడకా ఆగిపోయింది. షుగర్ పెరిగితే నీరసం, చిరాకు, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం. అప్పుడు ఏది దుఃఖమో ఏది షుగరో మీకే తెలియదు. రేపు పొద్దున్నే పరగడుపున పరీక్ష చేయించుకుని మీ డాక్టరుని కలవండి. వారాలు గడుస్తున్నా తిండి, నిద్ర దారిలో పడకపోతే, ఏ పనీ చేయలేకపోతే, బతికి ఏం లాభం అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో మానసిక వైద్య విభాగం ఉంది, వెళ్ళండి. ఇంట్లోంచి కదలలేకపోతే 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అది, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. కుక్క పోయిందని చెప్పడానికి మొహమాటపడకండి.

చివరగా మీ తమ్ముడు. ఆయనది మంచి మనసే. కానీ చింటూ గోళ్ళ చప్పుడు వినిపిస్తున్న ఇంట్లోకి ఇప్పుడే ఇంకో పిల్ల వస్తే, అది చేసే ప్రతి పనీ చింటూతో పోల్చి చూస్తారు, పాపం దానికీ అన్యాయమే. పైగా లాబ్రడార్ పెరిగితే ముప్పై కిలోలు, పదేళ్ళకు పైగా బతుకుతుంది. అపార్ట్‌మెంట్‌లో, అరవై దాటిన మీవారు, అరవైకి దగ్గరపడుతున్న మీరు, మధ్యలో ఆర్నెల్లు డల్లాస్ ప్రయాణం. ఏడాది తర్వాత మళ్ళీ కుక్క కావాలనిపిస్తే, కాస్త వయసొచ్చిన చిన్న జాతి కుక్క గురించి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. తమ్ముడికి మాత్రం ఇవాళే ఫోన్ చేయండి, ఆ పిల్ల కోసం ఎవరికో అడ్వాన్స్ ఇచ్చేయకముందే.